ఎవరూ తప్పని పరీక్ష: విశాఖ కరాటే మాస్టర్లకు బహిరంగ లేఖ

విశాఖపట్నం నగరంలో కరాటే నేర్పుతున్న మాస్టర్లకు, శిక్షణ సంస్థల నిర్వాహకులకు, బెల్టుల ప్రదానానికి ముఖ్య అతిథులుగా వెళ్తున్న పెద్దలకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఉండేది కంచరపాలెంలో. కాలేజీ రోజుల్లో ఆరేళ్లు కరాటే నేర్చుకున్నాను. బ్లాక్ బెల్టు పరీక్షకు రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ తప్పాను. తప్పించిన మాస్టారి మీద అప్పట్లో కోపం వచ్చింది గానీ, ఈ వయసులో ఆయన మీద గౌరవమే మిగిలింది. ఈ లేఖ రాయడానికి నాకున్న అర్హత ఆ రెండు తప్పులే అనుకోండి.

మీలో నిజాయితీగా నేర్పేవాళ్లున్నారు. తెల్లవారుజామున ఐదున్నరకే మైదానానికి వచ్చి, చేపల రేవులో పనిచేసేవాళ్ల పిల్లలకు పైసా తీసుకోకుండా నేర్పేవాళ్లను చూశాను. వాళ్లు ఈ లేఖ చదివి నొచ్చుకోరు. నొచ్చుకునేవాళ్ల కోసమే రాస్తున్నాను.

గత ఏడాది ఒక ఆదివారం మా మనవరాలి గ్రేడింగ్, అంటే బెల్టు మార్చే పరీక్ష, చూడటానికి ఒక కల్యాణ మండపానికి వెళ్లాను. పాత అలవాటు కొద్దీ అరగంట ముందే చేరాను. వేదిక మీద బల్ల, బల్ల మీద కట్టగా సర్టిఫికెట్లు. ఫ్యాను గాలికి పైనున్న కాగితం కింద పడితే తీసి పెట్టబోయి చదివాను. ఒక పిల్లవాడి పేరు, అతనికి రాబోయే బెల్టు రంగు, పరీక్షలో ఉత్తీర్ణుడైనట్టు ఒక వాక్యం, కింద సంతకం, ముద్ర. పరీక్ష ఇంకా మొదలే కాలేదు. ఆ పిల్లవాడు గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుంటున్నాడు.

ఆ రోజు అరవై రెండు మంది పిల్లలు. పదకొండింటికి మొదలై ఒంటిగంటకు ముగిసింది. శాలువాలకు, ఉపన్యాసాలకు, ఫొటోలకు ముప్పావుగంట పోయింది. మిగిలిన గంటంబావును అరవై రెండు మందికి పంచితే ఒక్కొక్కరికి నిమిషంన్నర కూడా రాదు. వరసల్లో నిలబెట్టి కతా, అంటే ఒక క్రమంలో కూర్చిన కదలికలు, చేయించారు. వెనక వరసలో ఉన్నవాళ్లు ముందున్నవాళ్లను చూసి తిరిగారు. ఒక పిల్ల కుడివైపు తిరగాల్సిన చోట ఎడమవైపు తిరిగి పక్క పిల్లను ఢీకొంటే అందరూ నవ్వారు, అతిథిగారు కూడా. ఫలితాలు చదివారు. అరవై రెండు మందీ పాసయ్యారు. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో అరవై రెండు మంది ఒకేసారి తిన్నగా వరసలో నిలబడటమే నేను చూడలేదు.

ఇప్పుడు లెక్క చెబుతాను. మా మనవరాలు ఇరవై ఏడు నెలలు నేర్చుకుంది. నెలకు 800 చొప్పున 21,600 రూపాయలు. మూడు నెలలకొక గ్రేడింగ్. పసుపు, ఆరెంజ్ బెల్టులకు వెయ్యేసి, ఆకుపచ్చ, నీలం బెల్టులకు పదిహేను వందలేసి, ఊదా రంగుకు రెండు వేలు, బ్రౌన్ బెల్టు మూడు మెట్లకు రెండున్నర వేలేసి, చివర బ్లాక్ బెల్టుకు 12,000. కూడితే 26,500. నేర్పినందుకు 21,600 తీసుకున్నారు, నేర్చుకుందని చెప్పినందుకు 26,500 తీసుకున్నారు. డ్రెస్సు, గ్లవ్స్, టోర్నమెంటు ప్రవేశ రుసుము, దారి ఖర్చులు ఇందులో చేర్చలేదు.

మేము తట్టుకున్నాం. అదే బ్యాచ్‌లో ఎన్ఏడీ కొత్త రోడ్డు దగ్గర టిఫిన్ బండి నడుపుకునే ఒక తల్లి కొడుకు ఉన్నాడు. బ్లాక్ బెల్టు ఫీజు కోసం ఆమె డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది. "ఈ సర్టిఫికెట్ ఉంటే రేపు పోలీసు ఉద్యోగానికి పనికొస్తుందట మాస్టారూ" అని నాతో సంతోషంగా చెప్పింది. ఆ మాట ఆమె చెవిన వేసింది ఎవరో మీలో కొందరికి తెలుసు.

పదకొండేళ్ల వయసుకే మా మనవరాలు బ్లాక్ బెల్టు అయింది. రెండు నెలలు తిరగకుండా పక్క జిల్లాలో ఒక టోర్నమెంటుకు తీసుకెళ్లారు. బ్లాక్ బెల్టు కాబట్టి బ్లాక్ బెల్టుల విభాగంలో దింపారు. ఎదురుగా నిలబడ్డది నిజంగా నేర్చుకున్న పిల్ల. ఆ పిల్ల తప్పేమీ లేదు, చేతిని అదుపులో పెట్టుకునే కొట్టింది. తల వెనక్కి తీయాల్సిన చోట మా పిల్లే ముందుకు పెట్టింది. పై పెదవి చిట్లింది, ముందు పన్ను కదిలింది. నోట్లో పళ్ల రక్షణకు పెట్టుకునే గమ్‌షీల్డ్ లేదు. బరిలోకి పంపే ముందు అడిగినవాళ్లూ లేరు. ఇరవై ఏడు నెలల్లో ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టి ఎన్నిసార్లు సాధన చేయించారమ్మా అని ఇంటికొచ్చాక అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. దూరం అంచనా వేయడం, పక్కకు తప్పుకోవడం దానికి పేర్లుగా కూడా తెలియవు. పెదవికి కుట్లు వేయించుకుని తిరిగి వస్తూ ఆటోలో అడిగింది: "తాతయ్యా, నాకు బ్లాక్ బెల్టు ఉంది కదా, మరి నాకెందుకు రాలేదు?"

ఆ ప్రశ్న పట్టుకుని ముందు శిక్షకుడి దగ్గరికే వెళ్లాను. "ఆటలో దెబ్బలు సహజం, మీకు తెలియనిదా మాస్టారూ" అన్నారు. వాళ్లు చెప్పుకునే సంఘానికి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. ప్రైవేటు శిక్షణ కేంద్రాలు తమ పరిధిలోకి రావని ఒక్క వాక్యం రాసి అర్జీని ముగించేశారు. ఎవరి పరిధిలోకి వస్తాయో రాయలేదు. ఎనిమిది నెలలు ఆగాను. ఇక ఈ లేఖే దారి.

మీ కష్టం తెలియక మాట్లాడుతున్నానని అనుకోవద్దు. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఒక హాలు అద్దె ఎంతో నాకు తెలుసు. పరీక్షల నెల వస్తే సగం మంది పిల్లలు మానేస్తారని, ఎండాకాలం శిబిరంలో చేరినవాళ్లు జూన్‌లో కనిపించరని తెలుసు. నిజాయితీగా "ఇంకా ఆరు నెలలు సాధన చేయాలి" అని మీరంటే, ఆ తల్లిదండ్రులే పక్క వీధిలో బెల్టు తొందరగా ఇచ్చే చోటికి పిల్లను మారుస్తారని కూడా తెలుసు. నా మాట ఒక్కటే. నెల ఫీజు పెంచండి. 800 చాలకపోతే 1,500 అడగండి. నేర్పినందుకు తీసుకునే డబ్బు న్యాయమైనది, దానికి బేరమాడే తల్లిదండ్రులదే తప్పు. మీ ఇంటి పొయ్యి మాత్రం గ్రేడింగుల మీద వెలగకూడదు. పరీక్ష పెట్టేవాడి బతుకు పాసైనవాళ్ల సంఖ్య మీద ఆధారపడితే ఎవరినీ తప్పించలేడు, ఎంత మంచివాడైనా.

బెల్టుల సంగతి మీకు నేను చెప్పాల్సింది కాదు. తల్లిదండ్రులు కూడా చదువుతారు కాబట్టి చెబుతున్నాను. కరాటే ఒకినావా దీవుల విద్య. 1922లో దాన్ని టోక్యోలో ప్రదర్శించి జపాన్‌కు పరిచయం చేసిన గిచిన్ ఫునకోషి నేర్చుకునే నాటికి అందులో బెల్టులే లేవు. జూడోను స్థాపించిన జిగోరో కానో 1880లలో మొదలుపెట్టిన డాన్ పద్ధతిని, అంటే బ్లాక్ బెల్టు స్థాయిల పద్ధతిని, ఫునకోషి అరువు తెచ్చుకుని, 1924లో మొదటిసారి కొద్దిమంది శిష్యులకు డాన్ ఇచ్చారు. రంగుల బెల్టులు ఆ తర్వాత వచ్చాయి. తెక్కి అనే మూడు కతాల సాధనకే పదేళ్లు పట్టిందని ఫునకోషి తన గురించి తాను చెప్పుకున్నారు. బ్లాక్ బెల్టులో మొదటిదాన్ని షోదాన్ అంటారు. తొలి మెట్టు అని దాని అర్థం. అక్షరాలు వచ్చాయి, ఇక చదవడం మొదలుపెట్టవచ్చు అన్నట్టు. వారానికి రెండు మూడు రోజులు సాధన చేసేవాళ్లకు ఆ మెట్టు చేరడానికి మంచి సంస్థల్లో మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది, ఎక్కువ కూడా పట్టవచ్చు. కొరియా యుద్ధవిద్య తైక్వాండోలో సియోల్‌లోని ప్రధాన కేంద్రం కుక్కివాన్ పదిహేనేళ్లు నిండని పిల్లలకు డాన్ ఇవ్వదు, పూమ్ అని వేరే హోదా ఇస్తుంది. మన దగ్గర ఏడేళ్ల పిల్లలు నల్ల బెల్టు కట్టుకుని బీచ్ రోడ్డులో ఫొటోలు దిగుతున్నారు. ముచ్చటగానే ఉంటారు, కాదనను.

ఇక అడగవలసినవి వరసగా అడుగుతాను.

1. సర్టిఫికెట్ మీద పేరు పరీక్ష అయ్యాక రాయండి. ఇంతకన్నా చిన్న కోరిక ఉండదు.

2. పదో క్యూ (బ్లాక్ బెల్టుకు ముందు మెట్లను క్యూ అంటారు) నుంచి మొదటి డాన్ వరకు ఏ మెట్టుకు ఏ కతా, ఏ కిహోన్ (ప్రాథమిక కదలికలు), ఎలాంటి కుమితే (ఎదురెదురుగా పోరు) రావాలో, కనీసం ఎన్ని నెలలు, ఎన్ని క్లాసులు కావాలో, ఫీజు ఎంతో ఒక కాగితం మీద తెలుగులో రాసి చేరిన రోజే తల్లిదండ్రుల చేతిలో పెట్టండి. అందులో చివరి వరకు అయ్యే మొత్తం ఖర్చు ఉండాలి. టిఫిన్ బండి తల్లికి మొదటి రోజే ఆ అంకె తెలిసి ఉంటే చేర్చేదో లేదో గానీ అప్పు మాత్రం చేసేది కాదు. డ్రెస్సు, గ్లవ్స్ మీ దగ్గరే కొనాలన్న షరతు తీసేయండి.

3. సిద్ధంగా లేని పిల్లలను తప్పించండి. తప్పినవాళ్ల దగ్గర మళ్లీ ఫీజు తీసుకోకండి, ఎక్కడ తప్పారో రాసి ఇవ్వండి.

అన్నిటికన్నా కష్టమైనది ఇదేనని తెలుసు. అయినా పట్టుబడుతున్నాను, ఎందుకంటే దొంగ ధైర్యం భయం కన్నా ప్రమాదం. భయపడే పిల్ల చీకటి సందు చూస్తే దారి మార్చుకుంటుంది. తనకు బ్లాక్ బెల్టు ఉందని నమ్మిన పిల్ల అదే సందులోకి నడిచి వెళ్తుంది. మా మనవరాలి పెదవి చిట్లింది బరిలో, చుట్టూ పెద్దవాళ్లున్న చోట. మధురవాడ నుంచి రాత్రి ట్యూషన్ ముగించుకుని వచ్చే పదిహేనేళ్ల పిల్ల తన బెల్టు విలువ ఎక్కడ తెలుసుకుంటుందో ఆలోచించండి. సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ పాఠశాలల్లో ఆడపిల్లలకు రాణి లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇస్తారు. నా ఉద్యోగంలో దాన్ని దగ్గరుండి చూశాను. అందులో బాగా నేర్పిన మాస్టర్లు గాల్లో తన్నడం మీద సమయం పెట్టలేదు. గొంతెత్తి అరవడం, పట్టుకున్న చేతిని బొటనవేలి వైపు నుంచి విడిపించుకోవడం, సందు దొరికితే పరుగెత్తడం, జరిగింది ఇంట్లో చెప్పడం నేర్పారు. ఆ పిల్లలకు బెల్టులు లేవు. తాము ఎంతవరకు చేయగలరో మాత్రం తెలుసు.

4. పెంకులు, ట్యూబులైట్లు, మోటారు సైకిళ్లు ఆపండి. వార్షికోత్సవంలో పిల్లల నెత్తి మీద బెంగుళూరు పెంకులు పగలగొట్టడం, చేతుల మీదుగా బండి నడిపించడం ఏ క్యూ పరీక్షలో ఉందో చెప్పండి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గుండె మీద ఏనుగును నిలుపుకున్నాడని మన ఉత్తరాంధ్రలో తరతరాలుగా చెప్పుకుంటాం. ఆయన ఏళ్ల తరబడి కసరత్తు చేసి పండిన మల్లుడు, తన ఇష్టంతో తన ఒంటి మీద చేసుకున్నాడు. నాలుగో తరగతి పిల్లవాడిని అలా పడుకోబెట్టడం ఏ తాలింఖానా సంప్రదాయమూ కాదు. పిల్లల ఎముకల చివర పెరుగుదల జరిగే మెత్తని పొర ఉంటుంది. ఆడపిల్లల్లో సుమారు పద్నాలుగు, పదిహేనేళ్ల వరకు, మగపిల్లల్లో పదహారు, పదిహేడేళ్ల వరకు అది పూర్తిగా గట్టిపడదు. అక్కడ దెబ్బ తగిలితే ఆ ఎముక వంకరగానో పొట్టిగానో పెరగవచ్చు. సిమెంటు నేల మీద పిడికిళ్లతో దండీలు తీయించడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పిడికిలి గట్టిపరచుకోవడానికి పద్దెనిమిది దాటాక బోలెడు జీవితం ఉంది.

5. గమ్‌షీల్డ్ లేనిదే కుమితే వద్దు, క్లాసులోనైనా టోర్నమెంటులోనైనా. ప్రపంచ కరాటే సమాఖ్య నియమాల్లో గమ్‌షీల్డ్, గ్లవ్స్, బాడీ ప్రొటెక్టర్, కాళ్లకు ప్యాడ్లు తప్పనిసరి. ముఖానికి గట్టిగా తగిలితే కొట్టినవాళ్లకే శిక్ష పడుతుంది. తలకు దెబ్బ తగిలి పిల్ల తికమకగా మాట్లాడినా, వాంతి చేసుకున్నా, తలనొప్పి అన్నా ఆ రోజు మళ్లీ బరిలోకి పంపకూడదు. వైద్యుడు చూసి చెప్పేదాకా సాధన కూడా వద్దు. "లే, ఏమీ కాలేదు" అని నీళ్లు చల్లి లేపే పద్ధతి నా తరంలో ఉండేది. మేమూ చేశాం, తప్పే చేశాం.

6. మే నెలలో విశాఖ ఉక్కపోత సంగతి మీకు తెలియనిది కాదు. క్లాసు మధ్యలో నీళ్లు తాగనివ్వకపోవడాన్ని క్రమశిక్షణ అనకండి. ఫొటోల కోసం ఆర్కే బీచ్‌లో పిల్లలను మోకాలి లోతు అలల్లో నిలబెట్టి పంచ్‌లు వేయించడం మానేయండి. ఆ తీరంలో కాళ్ల కింద ఇసుకను లాగేసే అల ఎలాంటిదో జాలరిపేటలో ఎవరిని అడిగినా చెబుతారు.

7. ఆడపిల్లల క్లాసు తలుపులు తెరిచి ఉండాలి. తల్లిదండ్రులు ఏ రోజైనా, చెప్పకుండానైనా వచ్చి కూర్చుని చూసే వీలుండాలి. భంగిమ సరిదిద్దడానికి ముట్టుకోవాల్సి వస్తే ముందు చెప్పి, అందరి ఎదుట, అవసరమైనంత మేరకే. టోర్నమెంటుకు ఊరు దాటి తీసుకెళ్తే వెంట ఒక మహిళ ఉండాలి, గదులు వేరుగా ఉండాలి. శిక్షకుడు పిల్లలకు రాత్రిపూట విడిగా సందేశాలు పంపే అవసరం ఏ కతాలోనూ లేదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం. సంస్థ పరువు కోసం సర్దుబాటు చేసే పెద్దమనుషులు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి. పిల్లల సహాయ నంబరు 1098 మీ హాలు గోడ మీద పిల్లల కంటికి అందే ఎత్తులో రాయించండి. ఇవన్నీ మంచి మాస్టర్లకు అవమానం అని కొందరు నాతో అన్నారు. మంచి మాస్టర్లకు ఇదే రక్ష.

8. మీ కాగితాలు గోడకు వేలాడదీయడం కాదు, అర్థం చెప్పండి. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నంబరు ఉందంటే ఆ పేరుతో ఒక సంఘం ఉందని మాత్రమే అర్థం. పేరులో 'అంతర్జాతీయ' అని రాసుకున్నంత మాత్రాన సముద్రం దాటినట్టు కాదు. ఐఎస్ఓ ముద్ర కార్యాలయ నిర్వహణకు సంబంధించినది, మావాషి గెరికి, అంటే కాలు గుండ్రంగా తిప్పి తన్నే తన్నుకు, కాదు. రికార్డు పుస్తకాల పతకాలు వేలమంది పిల్లలు ఒకేసారి చేతులాడించినందుకు ఇచ్చినవి. తల్లిదండ్రులకు కావలసింది మూడే ముక్కలు: మీకు డాన్ ఇచ్చింది ఎవరు, ఏ సంవత్సరం, ఇచ్చిన సంస్థను అడిగితే మీ పేరు చెబుతుందా. జాతీయ స్థాయిలోనే సంఘాల మధ్య గుర్తింపు గొడవలు ఏళ్ల తరబడి నడిచాయి. కాబట్టి ఈ రోజు మీరు ఎవరి కింద ఉన్నారో, ఆ సంఘం ఎవరి కింద ఉందో సూటిగా చెప్పండి. ఎవరి కిందా లేకపోతే అదీ చెప్పండి. ఏ సంఘంలోనూ లేని గొప్ప గురువులున్నారు, అబద్ధం ఆడనంతకాలం ఇబ్బంది లేదు.

9. ఉద్యోగాల ఆశ చూపి బెల్టులు అమ్మకండి. స్పోర్ట్స్ కోటాలో చూసేది బెల్టు రంగు కాదు. ప్రభుత్వ జాబితాలో ఉన్న ఆటలో, గుర్తింపు ఉన్న పోటీలో, ఏ స్థాయిలో ఆడారు, గెలిచారా అన్నదే చూస్తారు. పాఠశాల క్రీడల్లో ఆడి తెచ్చుకున్న పత్రానికి ఉన్న విలువ కల్యాణ మండపంలో ఇచ్చిన రంగు కాగితాల కట్టకు ఉండదు. 'ఒలింపిక్ క్రీడ' అని గోడ మీద రాయిస్తున్నారు. కరాటే ఒలింపిక్స్‌లో ఒకే ఒక్కసారి ఉంది, 2021లో జరిగిన టోక్యో 2020 క్రీడల్లో. 2024 పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలిస్ జాబితాలోనూ లేదు. ఆసియా క్రీడల్లో మాత్రం 1994 నుంచి ఉంది. ఉన్నది చెబితే చాలు, అది చిన్నదేమీ కాదు.

10. ప్రైవేటు పాఠశాలల్లో వారానికి ఒక పీరియడ్, డెబ్బై మంది పిల్లలు, ఒక్క మాస్టరు. ఏడాది చివర అందరికీ పసుపు బెల్టు. దాన్ని డ్రిల్లు అని పిలవండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. కరాటే పేరుతో విడిగా ఫీజు వసూలు చేయడం, వద్దన్న తల్లిదండ్రుల దగ్గర కూడా తీసుకోవడం ఆపాలని యాజమాన్యాలకు మీరే చెప్పాలి.

ముఖ్య అతిథులకు ఒక మాట. మీరు పూలదండతో వేదికెక్కి పిల్లల నడుముకు బెల్టు కట్టిన ఫొటో మర్నాడు కరపత్రం అవుతుంది. దాన్ని చూసి తల్లులు పిల్లలను చేరుస్తారు. పిలుపు వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: ఈసారి ఎంతమంది తప్పారు? ఎవరూ తప్పలేదంటే, ఆ రోజు మీకు వేరే పని ఉందని చెప్పండి.

అధికారులను కొత్త చట్టం తెమ్మని నేను అడగడం లేదు. నగరంలో పిల్లలకు యుద్ధవిద్యలు నేర్పే కేంద్రాలన్నిటి వివరాలు ఒక్కచోట నమోదు చేయించండి. శిక్షకుడి పేరు, అర్హత, చిరునామా, పిల్లల సంఖ్య, ప్రథమ చికిత్స ఏర్పాటు. ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో ఒక కార్యాలయం పేరు తేల్చండి. స్వర్ణభారతి ఇండోర్ స్టేడియం లాంటి చోట ఏడాదికి రెండుసార్లు ఉమ్మడి గ్రేడింగ్ పెట్టి, ఒక సంస్థ పిల్లలను మరో సంస్థ మాస్టర్లు పరీక్షించే ఏర్పాటు చేస్తే సగం రోగం అక్కడే కుదురుతుంది. తన పిల్లలను తానే పరీక్షించి తానే ఫీజు తీసుకునే పద్ధతి పదో తరగతి పరీక్షల్లో ఉంటే మనం ఊరుకుంటామా?

తల్లిదండ్రులారా, పై పది అంశాలూ మీకు ప్రశ్నలే. చేర్చే ముందు రెండు క్లాసులు ఊరికే కూర్చుని చూడండి. మాస్టరు పేరు పెట్టి పిలుస్తున్నారా, వెనక వరస పిల్లవాడి దగ్గరికి వెళ్తున్నారా, జంటలుగా సాధన చేయిస్తున్నారా, గుంజీలూ బెత్తమూ ఎన్నిసార్లు బయటికి వస్తున్నాయి, పాత విద్యార్థుల్లో ఐదేళ్లు దాటినవాళ్లు ఎంతమంది ఉన్నారు. ఆఖరిదే అసలైన కొలత. పన్నెండు నెలల డబ్బు ఒకేసారి కట్టమంటే వెనక్కి రండి. షోటోకాన్, గోజు ర్యూ, షిటో ర్యూ, ఏ శైలి మంచిదని నన్ను చాలామంది అడుగుతారు. ఇంటికి దగ్గరగా, మంచి మాస్టరు నేర్పేదే మంచి శైలి. ఇంకో సంగతి, మీకు కూడా చెప్పాలి. "మా వాడికి ఇంకా బెల్టు మారలేదేం?" అని మాస్టర్లను తొందరపెట్టేది మీరే. ఆ ప్రశ్న మానండి.

మా మనవరాలు ఇప్పుడు గోపాలపట్నం వైపు ఇంకో మాస్టారి దగ్గర నేర్చుకుంటోంది. మొదటి రోజు ఆయన దాని నల్ల బెల్టు చూసి ఏమీ అనలేదు. ఎదురుగా నిలబడి, "నా చేయి నీకు తగలకుండా అంగుళం దూరంలో ఆగేలా నువ్వు నిలబడు" అన్నారు. అది నాలుగు వారాలు అదే చేసింది. మూడో వారంలో తనంతట తానే తెల్ల బెల్టు కట్టుకు వెళ్లింది. నేను చెప్పలేదు, ఆయనా చెప్పలేదు.

మాస్టర్లారా, మీ తర్వాతి గ్రేడింగుకు మూడు నెలల గడువు ఉంటుంది. ఆ లోపు పై అంశాల్లో మొదటి ఏడింటికి ఒప్పుకుంటూ సంతకం చేసి ఇచ్చే సంస్థల పేర్లతో ఒక జాబితా తయారు చేస్తాం. మా బ్యాచ్ తల్లిదండ్రులు పందొమ్మిది మంది ఈ పనికి ముందుకొచ్చారు. గాజువాక నుంచి భీమిలి దాకా అపార్టుమెంట్లలో, బడుల గేట్ల దగ్గర ఆ జాబితా పంచుతాం. ఒప్పుకోనివాళ్ల పేర్లు ఎక్కడా రాయం. సంతకాల కాగితం పట్టుకుని మీ దగ్గరికి మేమే వస్తాం, క్లాసు జరుగుతున్న సమయంలోనే.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
కంచరపాలెం, విశాఖపట్నం